చెట్టుకు సిగ్గు లేదు, మామ్మకు ఉంది

కోనసీమలో పుట్టి, హైదరాబాద్‌లో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తూ బతుకుతున్న ఒక పాఠకుడు ఈ వారం పొడుగాటి ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. వయసు ముప్పై నాలుగు. ఆయన నాన్నమ్మను ఇంట్లో అందరూ మామ్మ అంటారు. ఎనభై దాటింది. నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోవడం, తరువాత ఒకే మాట పదిసార్లు అడగడం, ఆ తరువాత సొంత పెరట్లోనే దారి తెలియక నిలబడిపోవడం. డాక్టరు డిమెన్షియా అన్నారు. అప్పటి నుంచి ఆషాఢంలోనూ మూఢంలోనూ, అంటే ముహూర్తాలు లేని రోజులన్నిటా, ఈయన ఊరికి వెళ్లి మామ్మనూ ఇంటి వెనక కొబ్బరితోటనూ ఫొటోలు తీస్తున్నారు. మామ్మ చెయ్యి, పక్కనే ఎండిన మట్ట. మామ్మ మెడ మీది ముడతలు, పక్కనే కొబ్బరి మాను. ముసలితనం, ప్రకృతి, ఏదీ నిలవదన్న సంగతి, ఇవే తన విషయమని రాశారు.

నగరంలో ఒక గ్యాలరీ వాళ్లు వాటిలో ఇరవై నాలుగింటిని ఎంచి, వచ్చే నెల ప్రదర్శన పెడతామన్నారు. ఆహ్వానపత్రం మీద వేసిన ఫొటోలో మామ్మ నులకమంచం మీద వెనుదిరిగి కూర్చుంది. వీపు మీద బట్ట లేదు. జుట్టు విరబోసి ఉంది. వెనక నుంచి రెండు చేతులు నూనె రాస్తున్నాయి. ఆ పత్రం చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగి తిరిగి రాజమండ్రిలో ఉన్న మేనత్తకు చేరింది. ఆవిడ ఫోన్ చేసి, "ఏరా, మా అమ్మ వీపు పది మందికీ చూపించి పేరు తెచ్చుకుంటావా? నీకు అక్కచెల్లెళ్లు లేరా?" అని ఏడ్చారట. నాన్న ఏమీ మాట్లాడరు. అమ్మ మాత్రం, "ఫొటో తీసే చేత్తో ఓ నాలుగు ముద్దలు తినిపిస్తే బావుండేది" అన్నారట.

ఇంకో రెండు సంగతులు ఉత్తరంలో పైపైన రాసి వదిలేశారు. ఒకటి, మామ్మ ఒకరోజు సాయంత్రం ఈయన్ని గుర్తుపట్టక, "ఎవరబ్బాయివి నువ్వు? ఎందుకు తీస్తున్నావు?" అని అడిగిన క్షణంలోనే షట్టర్ నొక్కారు. ఆ ఫొటో ఎంపికైన వాటిలో ఉంది. రెండోది, జబ్బు రాకముందు మామ్మే పిలిచి, "నేను పోయాక గోడకు పెట్టుకోడానికి ఓ మంచి ఫొటో తియ్యరా" అని పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆ ఫొటో "మామూలుగా ఉంది" కనుక ప్రదర్శనలో లేదు.

ఆయన అడిగింది ఇది: "ప్రదర్శన మానుకోవాలా? మానుకుంటే నాలుగేళ్ల పని పోతుంది. పెడితే అత్తయ్య ఈ జన్మకు మాట్లాడదు. నేను మామ్మను ప్రేమతో తీశానో, నా కోసం తీశానో నాకే అర్థం కావడం లేదు."

*

మీరు ఉత్తరంతో పాటు పంపిన ఫొటోలు ఇరవై నాలుగూ చూశాను. పట్టుచీర ఫొటో కూడా జతచేశారు కనుక అదీ చూశాను. ముందుగా ఒక మాట. మీకు చూడటం వచ్చు. మామ్మ బొటనవేలి గోరు మీద పడిన కిటికీ వెలుగును పట్టుకున్నవాడికి ఓపిక లేదని ఎవరూ అనలేరు. అందుకే మీతో దాపరికం లేకుండా మాట్లాడాలనిపిస్తోంది.

మీరు మీ అత్తయ్య కోపాన్నీ మీ అమ్మగారి మాటనూ మీ అనుమానాన్నీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగారు. వాటిని విడదీస్తే గాని ఏదీ తేలదు. ముగ్గురూ మూడు వేరు వేరు సంగతులు అంటున్నారు. నా లెక్కలో ముగ్గురిలో ఎవరి మాటా కొట్టిపారేయదగ్గది కాదు.

అత్తయ్యతో మొదలుపెడదాం. ఆవిడ కోపం వీపు ఫొటో మీద. నన్నడిగితే ఆ ఫొటోలో అవమానం ఏమీ కనిపించలేదు. మామ్మ తరం ఆడవాళ్లు పల్లెల్లో చాలామంది రవిక లేకుండానే తిరిగారు. తన పెరట్లో, తన మంచం మీద, తన కోడలు తలకు నూనె రాస్తుంటే వీపు మీద పైట లేకపోవడం మామ్మకు సిగ్గు కాదు. ఆ సంగతి మీ అత్తయ్యకు మీకంటే బాగా తెలుసు. ఆ వీపు మీద తలపెట్టి నిద్రపోయిన మనిషి ఆవిడ. ఆవిడ బాధ వీపు కనిపించడం గురించి కాదు, ఎక్కడ, ఎవరికి కనిపిస్తోందన్న దాని గురించి. పెరట్లో సహజమైనది ఏసీ హాల్లో, తెల్లగోడ మీద, ముక్కూమొహం తెలియని వాళ్ల ఎదుట వేరే సంగతి అవుతుంది. సిగ్గు అనేది ఒంటిని బట్టి ఉండదు, చోటును బట్టి, చూసేవాళ్లను బట్టి ఉంటుంది. పైగా ఆవిడ దాన్ని ప్రింటుగా, మీ పక్కన నిలబడి చూడలేదు. ఫోన్‌లో, ఎవరో పంపిస్తే, కింద ఎవరెవరో పెట్టిన నమస్కారాల బొమ్మల మధ్య చూశారు. కన్నతల్లి గురించి ఏ కూతురికీ ఆ దారిలో కబురు రాకూడదు. గ్యాలరీ వాళ్లకు పత్రం పంపేముందు ఇంట్లో వాళ్లకు చూపించి ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదని నా నమ్మకం.

ఇక నన్ను నిలబెట్టేసిన ఫొటో అది కాదు. "ఎవరబ్బాయివి నువ్వు" అని అడిగినప్పుడు తీసినది. మీరు దాన్ని "ఈ సిరీస్‌లో అన్నిటికంటే నిజమైన ఫొటో" అని రాశారు. నిజమే. భయం నిజం. కానీ ఆ క్షణంలో మామ్మ ఒక ప్రశ్న అడిగింది. తన ఇంట్లోకి ఎవరో తెలియని మనిషి వచ్చి, మొహానికి నల్లటి యంత్రం అడ్డం పెట్టుకుని నిలబడితే, ఎవరు నువ్వని అడిగింది. దానికి జవాబు, కెమెరా కిందికి దించి, "నేనే మామ్మా, నీ మనవణ్ణి" అనడం. ఆమెకు జవాబుగా షట్టర్ చప్పుడు వినిపించింది. తరువాత మీరు దగ్గరకు తీసుకున్నారేమో, ఉత్తరంలో లేదు. తీసుకునే ఉంటారనుకుంటున్నాను. అయినా ఫొటోలో మిగిలింది మాత్రం జవాబు దొరకని ప్రశ్న. అత్తయ్య తప్పు ఫొటోను పట్టుకుని సరైన మాట అన్నారని నాకు అనిపించింది ఇందుకే.

ఇప్పుడు మీ జంట ఫొటోల గురించి. చెయ్యి, మట్ట. మెడ, మాను. చూడగానే పోలిక తడుతుంది, అదే వాటి బలం, అదే వాటి ఇబ్బంది కూడా. 2017 చివర్లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో ఓ పెద్ద కొమ్మ విరిగిపడింది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టు. చెద పట్టిందని తేలింది. మరుసటి ఏడు దాని కొమ్మలకు చెదమందు కలిపిన సెలైన్ సీసాలు వేలాడదీశారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి, చూసిన వాళ్లంతా అయ్యో అన్నారు. ఆ ఫొటో తీసినవాళ్లు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. మర్రికి సెలైన్ ఎక్కిస్తుంటే పదిమంది చూశారని బెంగ ఉండదు. అదే సెలైన్ చేతికి పెట్టుకుని ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి, గుమ్మంలో ఎవరైనా కనిపిస్తే ముందు దుప్పటి సర్దుకుంటాడు. చెట్టుకూ మనిషికీ ముసలితనం ఒకేలా వస్తుందని మీ ఫొటోలు అంటున్నాయి. ఒళ్లు ముడతలు పడటం వరకూ ఒప్పుకుంటాను. సిగ్గుపడటం చెట్టుకు లేదు, మామ్మకు ఉంది. జ్ఞాపకం పోయినా అది అంత తొందరగా పోదు. మీ జంటల్లో ఆ తేడా ఎక్కడా కనపడదు. మట్ట పక్కన పెట్టినప్పుడల్లా మామ్మ, మామ్మగా ఉండటం కొంచెం తగ్గి, "ముసలితనం" అనే విషయం అయిపోతోంది.

ఇంకో సంగతి, ఇది మీ తోట గురించి. కొబ్బరిచెట్టు ఏడాదికి పన్నెండు దాకా కొత్త మట్టలు వేస్తుంది. పాతది రాలిన చోట మాను మీద గాటులా ఒక గుర్తు మిగులుతుంది. ఆ గుర్తులు లెక్కపెట్టి చెట్టు వయసు ఇంచుమించుగా చెప్పొచ్చు. మీరు మెడ ముడతల పక్కన పెట్టిన మాను అదే. మీ ఉత్తరంలోనే మరోచోట రాశారు, 1996 నవంబరు 6 తుపానుకు తోట మొత్తం నేలకూలితే మామ్మ దగ్గరుండి మళ్లీ మొక్కలు పెట్టించిందని. అంటే ఆ చెట్లన్నిటికీ ఇంచుమించు ముప్పై ఏళ్లే. నాటు కొబ్బరి అరవై, డెబ్బై ఏళ్లు కాస్తుంది. మీ ఫొటోల్లో ముసలితనానికి గుర్తుగా నిలబెట్టిన చెట్టు మీకంటే చిన్నది, మంచి కాపులో ఉంది, అది మామ్మ పెట్టించిన చెట్టు! ఆమె యాభై దాటిన వయసులో, కళ్లముందు తోట పోయాక, ఆరేడేళ్లకు గాని కాపుకు రాని మొక్కను తెచ్చి నాటించింది. ఏదీ నిలవదని తెలిసిన మనిషి ఏం చేసిందో చెప్పే కథ మీ పెరట్లోనే ఉంది. ఇరవై నాలుగు ఫొటోల్లో ఆ కథ ఒక్కదాంట్లోనూ లేదు. ఆ చెట్లను ఆమె పోలికగా కాకుండా ఆమె పనిగా చూపిస్తే సిరీస్ వేరేగా ఉంటుంది. దింపు తీసే మనిషి పైన, కింద గుట్టగా పడిన కాయలు, అటక మీద ఎండి కురిడీ అవుతున్న కొబ్బరి, వీటిలో దేనికీ మామ్మ అనుమతి అక్కర్లేదు. ఆమె గురించి మాత్రం ఎంతో చెబుతాయి.

ప్రకృతినీ ముసలితనాన్నీ రెండింటినీ తీసిన ఇమోజెన్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ గురించి మీకు తెలిసే ఉంటుంది. 1920ల్లో ఆమె తీసిన మాగ్నోలియా పువ్వు ఫొటోలు ఇవాళ్టికీ పాఠాలే. అదే మనిషి 92వ ఏట, తొంభై దాటిన వాళ్ల ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. 1976లో చనిపోయేదాకా అదే పని, పుస్తకం మరుసటి ఏడు వచ్చింది. పువ్వును అంత దగ్గరగా చూసిన కన్ను ముసలివాళ్ల దగ్గరకు వెళ్లినప్పుడు, వాళ్లకు ఎదురుగా కూర్చుంది. తానూ వాళ్ల వయసుదే కావడం వల్ల ఆమెకది తేలికైంది. మీకు మామ్మ వయసు లేదు కనుక మీరు ఇంకొంచెం కష్టపడాలి, అంతే.

మతిమరుపు వచ్చిన మనిషిని అనుమతి అడగడం ఎలా అని మీరు అడగలేదు, కానీ మీ సమస్య మూలం అక్కడుంది. "మొదట్లో సరే అంది" అని రాశారు. నాలుగేళ్ల కిందటి సరే ఇవాళ్టి మామ్మది కాదు. ఈ జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు జారిపోతాయి, పాతవి కొంతకాలం నిలుస్తాయి. కానీ ఇష్టం, అయిష్టం, భయం, నమ్మకం చాలా కాలం ఉంటాయి. మాటతో చెప్పలేకపోయినా ఒంటితో చెబుతారు. కాబట్టి ప్రతిసారీ అడగాల్సిందే. కెమెరా చేతికిచ్చి తడమనివ్వండి. ఒకటి తీసి వెనక తెరమీద చూపించండి. మొహం తిప్పుకుంటే, చెయ్యి అడ్డం పెడితే, లేచి వెళ్లబోతే ఆ పూటకు ఆపేయండి. పైట సర్దుకోవడం దగ్గర మాత్రం తొందరపడి అర్థం చెప్పుకోకండి. అది వద్దనడమూ కావచ్చు, ఫొటోకు సిద్ధమవడమూ కావచ్చు. సర్దుకున్నాక మీ వైపు చూస్తే సిద్ధమైనట్టు. సాయంత్రాలు తీయకండి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పొద్దుగూకే వేళ కంగారు ఎక్కువవడం మామూలు. మీ భయం ఫొటో కూడా సాయంత్రానిదే. వెలుగు బావుంటుందని మీరు వెళ్లే వేళే మామ్మకు అన్నిటికంటే కష్టమైన వేళ.

మామ్మ తనను ఎలా చూడాలనుకుందో నూటికి నూరుపాళ్లు తెలివితో చెప్పిన సందర్భం ఒకటుంది. పట్టుచీర ఫొటో. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు గోడకు పెట్టే ఫొటో ముందే తీయించుకుని దాచుకోవడం కొత్తేమీ కాదు. పోయాక దండ పడేది దాని మీదేనని వాళ్లకు తెలుసు. చావు సంగతి అంత మామూలుగా మాట్లాడి, చీర ఎంచుకుని, కుర్చీ ఎక్కడ వేయాలో చెప్పి కూర్చున్న మనిషి ఆమె. మీరు నాలుగేళ్లుగా ఏ విషయం వెంట పడ్డారో దాని గురించి ఆమెకు సొంత అభిప్రాయం ఉంది, దాన్ని మీ కెమెరాకే చెప్పింది. మీకది మామూలుగా కనిపించింది. నాకు మొత్తం ఇరవై అయిదింటిలో అదే ముందు నిలబడింది. గడ్డం కొంచెం పైకెత్తి, నేరుగా లెన్సులోకి చూస్తోంది. మిగతా ఇరవై నాలుగింటిలో ఆమె మిమ్మల్ని చూసినవి రెండే, అందులో ఒకటి భయం.

మీ అమ్మగారి మాట చివరిదాకా దాచాను. మీరూ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ వీపు ఫొటోలో నూనె రాస్తున్న చేతులు ఎవరివి? అత్తయ్య కోపం గురించి పేజీలు రాశారు. ఆ చేతుల మనిషిని ఎవరైనా అడిగారా? రోజూ స్నానం చేయించేది, రాత్రి లేచి తలుపు గడియ చూసేది, ఒకే ప్రశ్నకు నూరుసార్లు జవాబు చెప్పేది ఆవిడ. మీరు మూఢాల్లో వచ్చి వెళతారు, మేనత్త ఫోన్ చేస్తారు, నాన్నగారు మాట్లాడరు. నాలుగు ముద్దలు తినిపించమన్నది మీ కళను కించపరచడం కాదు. ఆవిడ అలసిపోయారు. ఆ అలసట మీ సిరీస్‌లో రెండు అందమైన చేతులుగా మాత్రమే ఉంది.

ఇక ఏం చేయొచ్చన్నది. నేను ఆజ్ఞలు వేయను. ఏ దారిలో ఏముందో నాకు కనిపించినంత చెబుతాను.

ఉన్నది ఉన్నట్టు ప్రదర్శన పెట్టొచ్చు. పత్రికల్లో నాలుగు మంచి మాటలు వస్తాయి, బహుశా మరో చోటికి పిలుపూ వస్తుంది. అత్తయ్యతో తెగతెంపులు ఈ జన్మకు అన్నారు గాని, అంత్యక్రియలకు అందరూ ఒకే అరుగు మీద కూర్చోవాలి కదా. ఆ రోజు ఆ ఫొటోలు మీ మధ్య ఉంటాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ సంగతి గుర్తుచేసుకోండి. తన సహచరి, రచయిత్రి సూజన్ సొంటాగ్ జబ్బుతో ఉన్నప్పటివీ, 2004 డిసెంబరులో పోయాక తీసినవీ ఫొటోలు ఆమె 2006లో పుస్తకంలో వేశారు. సొంటాగ్ కొడుకు డేవిడ్ రీఫ్ 2008లో తన పుస్తకంలో వాటిని చాలా కఠినంగా తప్పుపట్టారు. తీసినామె ప్రేమను నేను అనుమానించను. కొడుకు బాధా అబద్ధం కాదు. ఇద్దరూ ప్రేమించిన మనిషి వచ్చి తీర్పు చెప్పే వీలు లేకపోయింది. మీ ఇంట్లో ఆ మనిషి ఇంకా ఉంది.

వీపు ఫొటో ఒక్కటీ తీసేసి మిగతావి పెట్టొచ్చు. అందరూ ముందు చెప్పే సలహా ఇదే. అత్తయ్య కొంత శాంతిస్తారు, గ్యాలరీ వాళ్లు గొణుక్కుంటారు. కానీ నా ఉద్దేశంలో ఇది తప్పు మనిషికి శిక్ష వేసినట్టు. భయం ఫొటో గోడ మీదే ఉంటుంది, దాని గురించి ఎవరూ అడగరు కనుక మీరూ మరిచిపోతారు. ఒకటే తీయాల్సి వస్తే నేను తీసేది అది. వీపు ఫొటోను, అమ్మగారూ అత్తయ్యా ఒప్పుకుంటే, ఉంచుతాను. ఒప్పుకోకపోతే ఇంట్లో దాచుకుంటాను. దాచుకున్నంత మాత్రాన అది మంచి ఫొటో కాకుండా పోదు.

మామ్మ పోయేదాకా ఆగొచ్చు. మర్యాదగా కనిపించే దారి ఇది, చాలామంది ఇదే ఎంచుకుంటారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ ఆవెడాన్ కేన్సర్‌తో పోతున్న తండ్రిని 1969 నుంచి 1973 దాకా తీసి, ఆయన పోయాక 1974లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పెట్టారు. అయితే ఆ తండ్రి కొడుకు ఎదుట, కొడుకు ఎవరో తెలిసి కూర్చున్నాడు. మీరు ఆగితే మామ్మకు వద్దనే అవకాశం పూర్తిగా పోతుంది. ఆ అధికారం మొత్తం మీ నాన్నకూ అత్తయ్యకూ వస్తుంది, దుఃఖంలో ఉన్నవాళ్లు ఇంకా గట్టిగా వద్దంటారు. ఇంకోటి, చెప్పడానికి కష్టంగా ఉంది. ఆగడమంటే ఒక మూలన ఆ రోజు కోసం చూడటం అవుతుంది. మీరలాంటివారు కాదు. కానీ ఆ ఆలోచన ఒకసారి దూరితే మంచం పక్కన కూర్చోవడం కష్టం.

గ్యాలరీ వాళ్లను గడువు అడిగి, సిరీస్‌ను మళ్లీ కూర్చొచ్చు. నాకు ఎక్కువ ఇష్టమైన దారి ఇది, అయితే దీనికీ ఖర్చుంది. వాళ్లు ఆ తేదీలు మరొకరికి ఇచ్చేయొచ్చు, మళ్లీ పిలవకపోవచ్చు. అది చిన్న నష్టం కాదు, పెళ్లిళ్ల పనిలో నుంచి ఒక అడుగు బయటికి వేయడానికి మీరు ఎంత ఎదురుచూశారో ఉత్తరం నిండా ఉంది. గడువు దొరికితే మాత్రం పట్టుచీర ఫొటోను మొదట పెట్టి చూడండి. తోటను ఆమె నాటిన తోటగా తీయండి. జంటలు విప్పేయండి. నికొలస్ నిక్సన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన భార్యనూ ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ 1975 నుంచి 2022 దాకా ఏడాదికొక ఫొటో చొప్పున, నలుగురినీ అదే వరసలో నిలబెట్టి తీశారు. పోలిక కోసం పక్కన ఆకులూ రాళ్లూ పెట్టలేదు. నాలుగు మొహాలు మనల్ని చూస్తుంటాయి, ఏళ్లు గడుస్తాయి. కాలం గడిచిందని చెప్పడానికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

ఏ దారి పట్టినా ముందు ఒక పని చేయండి. ఫొటోలు చిన్న ప్రింట్లు వేయించి ఊరికి తీసుకెళ్లండి. ఫోన్‌లో వద్దు, కాగితం మీద. అత్తయ్యను రాజమండ్రి నుంచి రప్పించండి, లేదా మీరే వెళ్లి తీసుకురండి. అరుగు మీద పరిచి, అమ్మనూ అత్తయ్యనూ నాన్ననూ చూడనివ్వండి. మీరు వివరించకండి. ఏది వద్దంటారో పక్కన పెట్టనివ్వండి, ఎందుకని ఒక్కసారి అడగండి, వాదించకండి. అత్తయ్య వద్దన్నవాటి సంఖ్య మీరు భయపడినంత ఉండదని నాకనిపిస్తోంది. నాన్నగారు కూడా అక్కడ మాట్లాడొచ్చు. ఫోన్లో మాట్లాడని మగవాళ్లు ఫొటో చేతిలో ఉంటే మాట్లాడతారు. మామ్మకూ చూపించండి, కానీ ఒక జాగ్రత్త. ఈ జబ్బులో అద్దంలోనూ ఫొటోలోనూ తమ ఇప్పటి మొహాన్ని గుర్తుపట్టకపోవడం ఉంటుంది. "ఈ ముసలావిడ ఎవరు?" అని అడిగితే, నువ్వేనని పట్టుబట్టి ఒప్పించకండి. ఆమె మనసులో ఉన్న మొహం ఇంకా చిన్నది. ట్రంకుపెట్టెలో పెళ్లినాటి స్టూడియో ఫొటో ఉంటే అదీ తీసి పక్కన పెట్టండి. దాన్ని గుర్తుపడుతుంది, కథలు చెబుతుంది. ఆ పాత ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు అత్తయ్య నోటినుంచి విని వెనక మెత్తటి పెన్సిల్‌తో రాసుకోండి. కోనసీమ తేమకు ఫొటోలూ నెగెటివ్‌లూ బూజు పడతాయి, జిగురుపేజీల ఆల్బమ్‌ల్లో అతుక్కుపోతాయి. విడదీసి, స్కాన్ చేసి, పొడి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఈ పని మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు, ఇంట్లో ఎవరికీ అభ్యంతరమూ ఉండదు.

ప్రేమతో తీశానా, నా కోసం తీశానా అని అడిగారు. రెండూ. దాన్ని విడదీసి శుద్ధి చేసుకునే దాకా కెమెరా పట్టుకోనంటే ఈ లోకంలో ఫొటోలే ఉండవు. మామ్మ దగ్గరకు నాలుగేళ్లుగా వెళ్లేలా చేసింది ఆ కెమెరాయే అయితే దానికి దణ్ణం పెడతాను, మిగతా మనవలెవరూ అన్నిసార్లు రాలేదని మీరే రాశారు. నేను చూసేది ఉద్దేశం కాదు, కెమెరా దించడం వచ్చా రాదా అన్నది. ఈసారి వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులు సంచిలోంచి తీయకండి. స్నానం, భోజనం, రాత్రి కాపలా మీరు చూసుకుని, అమ్మగారిని వాళ్ల పుట్టింటికో, మరెక్కడికైనా ఆవిడకు నచ్చిన చోటికో పంపండి. మగపిల్లాడు మామ్మకు స్నానం ఎలా చేయిస్తాడంటారేమో, అప్పుడు అత్తయ్యను రప్పించడానికి మీకు రెండో కారణం దొరికినట్టే. అన్నం మీరు పెట్టొచ్చు. ఆ రెండు రోజుల తరువాత మీకు తీయాలనిపించే ఫొటోలు వేరేగా ఉంటాయని నా ఊహ, మీరే చూసి చెప్పండి. ఇంట్లో చూసుకోవడం భారమవుతుంటే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు అమ్మగారి చేత ఒకసారి ఫోన్ చేయించండి. మనసు మరీ కుంగిపోతుంటే టెలీమానస్ 14416 ఉంది. రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

గ్యాలరీ వాళ్లకు మాత్రం ఊరి ప్రయాణం అయ్యేదాకా ఆగకుండా ఈ వారమే రాయండి. ఆహ్వానపత్రం మీది ఫొటో మార్చాలనీ, ఇంట్లో వాళ్ల ఒప్పుదల తీసుకుంటున్నాననీ, పది రోజుల్లో తుది జాబితా ఇస్తాననీ చెప్పండి. ఆ పత్రాన్ని ఆన్‌లైన్‌లో పెట్టిన చోట్ల నుంచి తీసేయమనండి. ఇప్పటికే పాకినవి వెనక్కి రావు, కొత్తగా పాకకుండా ఆపొచ్చు. బదులుగా ఏది వేయాలని అడిగితే, పట్టుచీర ఫొటో పంపి చూడండి.